తాతయ్య ఖాళీ చేసిన కుర్చీ

మా బాబాయి చదివింది అక్కినేని కాలేజీలో, మొదటి ఓటు వేసింది రామారావుకి. గుడివాడలో ఇదేమంత వింత కాదు. ఊరికి ఒక వైపు నాగేశ్వరరావు పుట్టిన రామాపురం, ఇంకో వైపు రామారావు పుట్టిన నిమ్మకూరు. మధ్యలో ఉన్న మాకు ఇద్దరూ ఇంటివాళ్ళ కిందే లెక్క. మా మామ్మ పుట్టిల్లు రామాపురం ఉన్న నందివాడ వైపు కనక ఆవిడ మాత్రం పూర్తిగా నాగేశ్వరరావు పక్షం. రామారావు సినిమా చూసొచ్చిన రాత్రి కూడా, "కృష్ణుడి వేషం వరకూ ఒప్పుకుంటాను" అని చాప పరుచుకునేది.

1982లో నాకు పదకొండేళ్ళు. మాది రైలు గేటుకి దగ్గర్లో పెంకుటిల్లు. నాన్న బియ్యం మిల్లులో గుమాస్తా. తాతయ్య తాలూకాఫీసులో గుమాస్తా. బాబాయి ఏమీ కాదు. బీకాం పాసయ్యి రెండేళ్ళయింది. టైపు లోయరూ, హయ్యరూ రెండూ గట్టెక్కాడు. బందరు వెళ్ళి ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలో పేరు రాయించుకుని, ఆ కార్డుని ప్లాస్టిక్ కవర్లో పెట్టి చొక్కా జేబులో తిప్పుకునేవాడు. చొక్కా మారితే కార్డూ మారేది. ఒకసారి అమ్మ చూసుకోకుండా చొక్కాతో పాటు దాన్నీ నానబెట్టింది. ఆ రోజు బాబాయి ఆ కార్డుని బియ్యం చేటలో పెట్టి, ఎండలో కూచుని కాపలా కాశాడు. కాకి ఎత్తుకుపోతుందేమోనని కాబోలు.

బాబాయికి సినిమా పిచ్చి లేదు. ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే ఆ ఎన్నికల గురించి ఎవరు రాసినా, జనం కృష్ణుణ్ణీ రాముణ్ణీ చూసి ఓట్లేశారనే రాస్తారు. అలా వేసినవాళ్ళూ ఉన్నారు, కాదనను. బాబాయిది మాత్రం లెక్క. అయిదేళ్ళలో నలుగురు ముఖ్యమంత్రులు మారారు: చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. మారిన ప్రతిసారీ మా తాతయ్య భోజనం దగ్గర, "ఇక ఈయన పేరు రాయడం అలవాటు చేసుకోవాలి" అనేవాడు. "ఢిల్లీలో కవరు విప్పితే గాని మన ముఖ్యమంత్రి ఎవరో మనకి తెలీదు" అని బాబాయి పళ్ళు కొరికేవాడు. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో అంజయ్యకి జరిగిన అవమానం గురించి రచ్చబండల మీద ఎన్ని నెలలు మాట్లాడుకున్నారో. ముఖ్యమంత్రికే ఆ మర్యాద అయితే టైపు హయ్యరు పాసైన కుర్రాడి సంగతి ఏమిటన్నది బాబాయి లెక్కలో రెండో మెట్టు.

మార్చి 29న రామారావు హైదరాబాదులో తెలుగుదేశం పార్టీ పెట్టారు. బాబాయి అప్పటికింకా అనుమానంగానే ఉన్నాడు. వేసవి దాటి వానలు పడేసరికి, గోడల మీద పసుపు రంగు కనిపించేసరికి, అనుమానం పోయింది. మా ఊళ్ళో ఆయనే స్వయంగా నిలబడుతున్నారని తెలిసిన రోజున మా వీధిలో తెలుగుదేశం కానిది మా మామ్మా, మా తాతయ్యా ఇద్దరే. మామ్మకి ఇందిరమ్మ అంటే నమ్మకం. ఆవు దూడ గుర్తు పోయి చెయ్యి గుర్తు వచ్చి నాలుగైదేళ్ళయినా, "ఆవూ దూడా ఎక్కడుంది" అని అడిగేది. తాతయ్యకి ఏ పార్టీ లేదు. ప్రభుత్వోద్యోగి కనక ఉండకూడదని ఆయన నమ్మకం. ఇంట్లో కూడా ఉండకూడదనుకునేవాడు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

రామారావు ప్రచార వ్యాను వస్తుందన్న రోజు నాకు బాగా గుర్తు. సాయంత్రం అన్నారు. సాయంత్రం అయింది, దీపాలు పెట్టారు, ఆడవాళ్ళు పళ్ళేల్లో హారతి కర్పూరం, కొబ్బరికాయలు తెచ్చుకుని రోడ్డు పక్కన కూచున్నారు. తొమ్మిదయింది. వేరుశనగ కాయలవాడి బుట్ట ఖాళీ అయింది. పదకొండయింది. పిల్లలం మిల్లు వాళ్ళ గోనె సంచుల మీద నిద్రపోయాం. ఎప్పుడో అర్ధరాత్రి దాటాక బాబాయి నన్ను లేపి భుజాల మీదికి ఎక్కించుకున్నాడు. నిద్రకళ్ళకి కనిపించింది ఏమిటంటే, లైట్ల మధ్య ఖాకీ బట్టలు వేసుకున్న ఒక మనిషి. కిరీటం లేదు, చేతిలో వేణువు లేదు. లారీ డ్రైవరులా ఉన్నాడని అనుకున్నాను. ఆ తర్వాత గొంతు విన్నాను. సినిమా హాల్లో తెర వెనక నుంచి వచ్చే గొంతు, మా కిళ్ళీ కొట్టు ముందు నుంచి వస్తోంది. ఆడపడుచులారా అని పిలిచేసరికి, పక్కన నిలబడ్డ మా అమ్మ కొంగు సర్దుకుంది. కింద బాబాయి భుజాలు వణుకుతున్నాయి. చలికి అనుకున్నాను. అది డిసెంబరు నెల.

ఏం మాట్లాడారో నాకేమీ తెలీలేదు. తిరిగొచ్చేటప్పుడు బాబాయి దారంతా నాకు చెబుతూ వచ్చాడు. కిలో బియ్యం రెండు రూపాయలు. బళ్ళో మధ్యాహ్నం అన్నం. లంచాలుండవు. "ఉద్యోగాలు సిఫార్సులతో కాదురా, మార్కులతో వస్తాయి" అన్నాడు. ఈ చివరిది ఆ రాత్రి మైకులో వినిపించిందో, బాబాయి చెవికే వినిపించిందో నేను ఇప్పటికీ చెప్పలేను.

1983 జనవరి 5, బుధవారం. అప్పుడు ఓటు హక్కు ఇరవై ఒక్క ఏళ్ళకి. బాబాయికి ఇరవై మూడు. 1980 ఎన్నికలప్పుడు ఏడాది తక్కువై ఊరుకున్నాడు. ఆ తెల్లవారుజామున తలంటుకున్నాడు. మామ్మ చూసి, "పెళ్ళిచూపులకా" అంది. బడి ముందు వరస వీధి చివరి దాకా పోయింది. నేను గేటు బయట నిలబడి చూశాను. లోపల కాగితం మీద ముద్ర గుద్ది, మడిచి, పెట్టెలో వేసి వచ్చిన బాబాయి ఎడమ చూపుడు వేలిని పైకెత్తి పట్టుకుని నడిచాడు, తడి ఆరని గోరింటాకు వేలిలా. మామ్మ ఎవరికి వేసిందో అడిగితే, "సైకిలు దగ్గర్లో ఉంది, గుద్దేశాను" అంది. నాగేశ్వరరావు గారు నిలబడి ఉంటే ఏం చేసేదో.

రేడియో దగ్గర ఆ రెండు రోజులూ ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు. మొత్తం 294 స్థానాల్లో రెండొందలకు పైగా వచ్చాయి. పార్టీ పుట్టి తొమ్మిది నెలలు. గుడివాడలోనూ, తిరుపతిలోనూ ఆయనే గెలిచారు. జనవరి 9న హైదరాబాదులో లాల్ బహదూర్ స్టేడియంలో జనం మధ్య ప్రమాణ స్వీకారం. బాబాయి స్నేహితులతో కలిసి హైదరాబాదు రైలెక్కాడు. టిక్కెట్టు లేదని తరవాత ఒప్పుకున్నాడు. తిరిగొచ్చాక గొంతు లేదు, చెప్పులు లేవు. "మన ఊరి ఎమ్మెల్యే ముఖ్యమంత్రి వదినా" అని సైగలతో చెప్పాడు. అమ్మ మిరియాల పాలు కాచి ఇచ్చింది.

సరిగ్గా నెల్లాళ్ళు.

ఫిబ్రవరి రెండో వారంలో ఒక సాయంత్రం తాతయ్య రోజూ వచ్చే వేళకి రాలేదు. వచ్చాక సైకిలు గోడకి ఆనించి, కాళ్ళు కడుక్కోకుండా అరుగు మీద కూచున్నాడు. ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయసు 58 నుంచి 55కి తగ్గించారు. 55 దాటినవాళ్ళంతా ఫిబ్రవరి 28న దిగిపోవాలి. తాతయ్యకి యాభై ఆరు దాటాయి. ఇంకా ఏడాదిన్నర సర్వీసు ఉందనుకుని మా అత్త పెళ్ళికి చేసిన అప్పుకి వాయిదాలు వేసుకున్నాడాయన. అంతా లెక్క ప్రకారం చేసే మనిషి.

ఎందుకు తగ్గించారయ్యా అంటే, నిరుద్యోగులైన కుర్రాళ్ళకి అవకాశం ఇవ్వడానికని ప్రభుత్వం చెప్పింది. అది దాపరికం లేని మాట, పేపర్లో వచ్చిన మాట. బాబాయి ఆ పేపరు చదివి మడిచి పెట్టాడు. మళ్ళీ విప్పి చదివాడు. తాతయ్య వంక చూడలేదు.

రాష్ట్రం మొత్తం మీద వేలమంది ఒకే రోజున ఇంటికి వెళ్ళారు. 28 సోమవారం. తాలూకాఫీసులో ఎందరిని సాగనంపారో గాని, పూలదండలు తక్కువయ్యాయని తాతయ్య చెప్పాడు. ఒకరికి వేసిన దండ తీసి ఇంకొకరికి వేశారట. స్టీలు క్యారియరు, ఒక శాలువా, కాగితం పొట్లంలో మిగిలిన మిక్చరు తెచ్చాడు. మిక్చరు నాకిచ్చాడు. ఆ రాత్రి అందరం వరసగా కూచుని తింటుంటే, మజ్జిగ పోసుకునే వేళకి తాతయ్య అన్నాడు:

"కుర్చీ ఖాళీ చేశాన్రా చిన్నోడా. ఇక నీదే ఆలస్యం."

ఎగతాళిగా అన్నాడా, నిజంగానే అన్నాడా నాకు తెలీదు. ఆయన గొంతులో రెండూ ఒకలాగే ఉంటాయి. బాబాయి విస్తరి మడిచి లేచాడు. నాన్న మాత్రం, "ఏం మాటలు నాన్నా" అన్నాడు మెల్లగా.

ఆ తర్వాత చాలా రోజులు తాతయ్యకి ఒకటే మాట. ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. "ఆయనకి యాభై తొమ్మిది. ఇప్పుడే ఉద్యోగంలో చేరాడు. నాకు యాభై ఆరు, ముసలాణ్ణయిపోయానట." రామారావు 1923లో పుట్టారు, లెక్క సరిపోయింది. ఇంకోటి కూడా తవ్వి తీశాడు. రామారావు కుర్రతనంలో సబ్ రిజిస్ట్రారు ఉద్యోగంలో చేరి మూడు వారాలకే వదిలేసి సినిమాలకి వెళ్ళిపోయారు. "సర్కారు కొలువు ఆయన చేసింది మూడు వారాలు. నాకిచ్చిన గడువూ మూడు వారాలే. ఆయన లెక్కలో అదే పెద్ద సర్వీసు కాబోలు." చెప్పి తనే నవ్వేవాడు. వినేవాళ్ళు నవ్వాలో వద్దో తెలీక బాబాయి వైపు చూసేవాళ్ళు.

బాబాయి మాత్రం అప్పుడే ఆశ వదులుకోలేదు. ఆ వేసవిలో అతను చదివినంతగా కాలేజీలో కూడా చదివి ఉండడు. సర్వీస్ కమిషన్ పరీక్షలకి ఖాళీలు పడతాయి, పడక తప్పదు, ఇంతమంది దిగిపోయారు కదా అన్నది లెక్కలో మూడో మెట్టు. తాతయ్య పాత స్నేహితుడు ఒకాయన ఆఫీసు నుంచి వచ్చి కూచున్నప్పుడు నెమ్మదిగా అడిగాడు, నాన్నగారి సీటులో ఎవరొచ్చారండీ అని. "ఎవరూ రాలేదు. ఆ ఫైళ్ళు కూడా నేనే చూస్తున్నాను" అన్నాడాయన. బాబాయి ఆయనకి కాఫీ తెచ్చి ఇచ్చాడు.

అన్యాయంగా రాయకూడదు. ఆ ఏడే రెండు రూపాయల బియ్యం వచ్చాయి. మనిషికి అయిదు కిలోలు, కుటుంబానికి ఇరవై అయిదు దాకా. మా ఇంటికి కార్డు రాలేదు, నాన్న జీతం, తాతయ్య పెన్షను కలిపితే హద్దు దాటింది. అంట్లు తోమడానికి వచ్చే అవ్వకి వచ్చింది. బియ్యం మిల్లుల మధ్య బతికే మనిషి, పగలంతా చెరిగి ఇంటికి నూకలు తీసుకుపోయే మనిషి. ఆవిడ మొదటి నెల సంచి మా అరుగు మీద దింపి, గుప్పెడు తీసి మామ్మ చేతిలో పోసి, "చూడండమ్మా, గింజ విరగలేదు" అంది. పురుగూ రాయీ ఉన్నాయని మామ్మ తరవాత మాతో అంది గాని, ఆవిడతో అనలేదు. నాకు రామారావు పాలన అనగానే ముందు గుర్తొచ్చేది తాతయ్య శాలువా కాదు, ఆ గుప్పెడే.

1984 ఆగస్టు 16న రామారావుని దింపేశారు. గుండె ఆపరేషన్ చేయించుకుని అమెరికా నుంచి వచ్చిన మనిషిని గవర్నరు రాంలాల్ తీసేసి, నాదెండ్ల భాస్కరరావుని కూచోబెట్టారు. అప్పటికి బాబాయి పార్టీ ఊసెత్తడం మానేసి ఏడాది దగ్గర పడింది. ఆ మధ్యాహ్నం రేడియో విని, అన్నం ముందు నుంచి లేచి, చెప్పులు వేసుకోకుండా వెళ్ళిపోయాడు. మర్నాడు స్టేషన్లో రైలు కదలనివ్వలేదు, పట్టాల మీద కూచున్నారు. నేనూ వెళ్ళి చూశాను. ఇంజను ముందు కంకర మీద వందలమంది, వాళ్ళల్లో తువ్వాలు నెత్తిన వేసుకుని మా బాబాయి.

నెల్లాళ్ళ పాటు అదే గొడవ. ఎమ్మెల్యేలని నాచారం స్టూడియోలో పెట్టారని, కర్ణాటక తీసుకుపోయారని, రామారావు చక్రాల కుర్చీలో ఢిల్లీ వెళ్ళారని రోజుకో కబురు. సెప్టెంబరు 16న మళ్ళీ ఆయనే ముఖ్యమంత్రి అయ్యేదాకా బాబాయి ఇంటి పట్టున లేడు. ఆ ఆగస్టులోనే పదవీ విరమణ వయసు మళ్ళీ 58 అయింది. తాతయ్యకి 58 నిండింది జులైలో. ఒక్క నెల. తాతయ్య పంచాంగం తీసి చూసి, మూసి, "నా జాతకానికీ ఆయన జాతకానికీ ఏదో ఉంది" అన్నాడు. తిండీ తిప్పలూ లేకుండా రామారావు కోసం తిరుగుతున్న కొడుక్కి మాత్రం రాత్రి తలుపు తీసేది ఆయనే. మామ్మకి చెవుడు మొదలైంది అప్పటికే.

ఎందుకు వెళ్ళావు బాబాయ్, నీకేమీ ఇవ్వలేదుగా అని నేను అడిగాను. పదమూడు దాటి పద్నాలుగో ఏడు నడుస్తున్న వయసు, అడక్కూడనివి అడిగే వయసు. "ఇవ్వకపోతే నేను తిట్టుకుంటాను. తీసెయ్యడానికి వాళ్ళెవరు? ఓటు వేసింది నేను" అన్నాడు. అంతకంటే బాగా ఆ ఆగస్టు సంగతి నాకెవరూ చెప్పలేదు.

1985 మార్చిలో మళ్ళీ ఎన్నికలు. ఆయన గుడివాడలోనూ, హిందూపురంలోనూ, నల్గొండలోనూ నిలబడి మూడింటా గెలిచారు. హిందూపురం ఉంచుకుని మాది వదిలేశారు. మూడు చోట్ల గెలిచినవాళ్ళు రెండు వదులుకోక తప్పదు, నిజమే. కానీ మాది ఆయన పుట్టిన జిల్లా. కిళ్ళీ కొట్టు దగ్గర జనం దీన్ని ఆడపిల్లని అత్తారింటికి పంపినట్టు మాట్లాడుకున్నారు. బాబాయి ఏమీ మాట్లాడలేదు. మా ఊరికి మళ్ళీ ఉపఎన్నిక వచ్చినప్పుడు ఓటు వేశాడో లేదో నేను గమనించలేదు.

ఆ ఏడే తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. తాలూకాఫీసు బోర్డు దింపేశారు. కుర్చీ పోయింది సరే, ఆఫీసే పోయిందన్నాడు తాతయ్య. అయితే కాసేపాగి, "పల్లెటూళ్ళ వాళ్ళకి మంచిదేలే, ఒక అడంగల్ నకలు కోసం రోజంతా పడిగాపులు పడేవాళ్ళు నా ముందు" అన్నాడు. ఆయనలో ఉన్న గుమాస్తా, ఆయనలో ఉన్న కోపిష్టి ఎప్పుడూ ఒక మాట మీద ఉండేవాళ్ళు కారు.

ఇంకొకటి చెప్పాలి. బాబాయితో పాటు టైపు నేర్చుకున్న స్నేహితుడు ఒకతను ఉండేవాడు, దళితవాడ నుంచి వచ్చేవాడు. స్టేడియంకి టిక్కెట్టు లేకుండా వెళ్ళినవాళ్ళలో అతనూ ఉన్నాడు, పట్టాల మీద కూచున్నవాళ్ళలోనూ ఉన్నాడు. 1985 జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు దళితులని చంపారు. ఆ వారం అతను మా ఇంటికొచ్చి అరుగు మీద కూచున్నాడు. ఎప్పుడూ లోపలికి వచ్చే మనిషి, అమ్మ పిలిచినా రాలేదు. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకోలేదు. వెళ్ళబోతూ, "ఓట్లప్పుడు ఆత్మగౌరవం అన్నారుగా" అన్నాడు, అంతే. బాబాయి వీధి మలుపు దాకా సైకిలు నడిపించుకుంటూ అతని వెంట వెళ్ళాడు. ఆ సాయంత్రం వాళ్ళేం మాట్లాడుకున్నారో బాబాయి ఎవరికీ చెప్పలేదు. అతను తరవాత మద్రాసు వెళ్ళిపోయాడని విన్నాం.

ఎంప్లాయ్‌మెంట్ కార్డుని బాబాయి రెండుసార్లు రెన్యూవల్ చేయించాడు. ఒకసారి ఒక పెద్దమనిషి, ఇంత ఇస్తే పని జరుగుతుందని అంకె చెప్పాడు. తాతయ్య గ్రాట్యుటీ అప్పటికే అత్త పెళ్ళి అప్పుకి పోయింది. ఉన్నా ఇచ్చేవాడు కాదనుకోండి. 1987లో బాబాయి నాన్న పనిచేసే మిల్లులోనే లెక్కలు రాయడానికి చేరాడు. టైపు హయ్యరు ఎందుకూ పనికిరాలేదు. మిల్లులో అంతా చేతిరాతే.

1989లో ఓటు వయసు పద్ధెనిమిదికి తగ్గించారు. నవంబరులో ఎన్నికలు, నాకు సరిగ్గా పద్ధెనిమిది. తలంటుకున్నాను, బాబాయిని చూసి నేర్చుకున్నదే. అదే బడి, అదే వరస, కాకపోతే ఈసారి ఎవరూ అర్ధరాత్రి దాకా కర్పూరం పట్టుకుని కూచోలేదు. ఎవరికి వేశానో చెప్పను. తాతయ్య చిన్నప్పుడు నేర్పిన నియమం.

సాయంత్రం భోజనాల దగ్గర వరసగా కూచున్నాం. నా వేలు నేనే పదిసార్లు చూసుకుంటున్నాను. పక్కన అన్నం కలుపుతున్న తాతయ్య ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు. దాని మీద సిరా చుక్క. మూడు వారాల కథ అన్నేళ్ళు చెప్పిన మనిషి, అరవై మూడేళ్ళ వయసులో, మోకాళ్ళ నొప్పులతో, ఎవరికీ చెప్పకుండా రిక్షా మాట్లాడుకుని వెళ్ళొచ్చాడు. ఎవరికి అని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. తర్వాత కల్వకుర్తిలో రామారావు ఓడిపోయారని, పార్టీ ఓడిపోయిందని రేడియో చెప్పినప్పుడు ఆయన లేచి వెళ్ళి దొడ్లో చాలాసేపు నిలబడ్డాడు.

ఆ సాయంత్రం మాత్రం నేను చూసింది బాబాయి చెయ్యి. నాకు మజ్జిగ గిన్నె అందించడానికి ఎడమ చెయ్యి చాపాడు. మిల్లు తవుడు గోళ్ళ సందుల్లో తెల్లగా ఉంది. చూపుడు వేలు శుభ్రంగా ఉంది. నేను చూడటం అతను చూశాడు.

"సబ్బుతో రుద్దకు" అన్నాడు నా వేలి వంక చూస్తూ. "నాది పదిహేను రోజులుంది."